ముఖమే మూలధనము

నారాయణగూడ చౌరస్తా నుండి చిక్కడపల్లి పెద్దవీథి వెంబడి ఆర్టీసీ క్రాస్‌రోడ్సు దిక్కుగా నడచిపోవు బాటసారికి, గుళ్లకంటెను బళ్లకంటెను ముందుగా స్ఫురించునవి ఆ పేటలయందలి చిత్రప్రదర్శనశాలల పేర్లు. నారాయణగూడలో శాంతి, దీపక్. క్రాస్‌రోడ్సునందు సుదర్శన్, దేవి, సంధ్య, సప్తగిరి, మయూరి, ఓడియన్. అటు కాచిగూడ వైపు మరలినచో తారకరామ. వీనిలో కొన్ని నేలమట్టమైనవి, కొన్ని వేషము మార్చుకొన్నవి. అయినను నైజాం ఏరియా బయ్యర్లు నేటికిని పెద్ద చిత్రముల బలాబలములను తొలినాటి క్రాస్‌రోడ్సు వసూళ్లతోనే తూచుచుందురు. ఇట్టి పేటలో కూర్చుండి, ప్రదర్శనశాల గడప త్రొక్కకయే వీడియో క్యాసెట్టుగా పుట్టి క్యాసెట్టుగానే గిట్టు అల్పవ్యయ పోరాటచిత్రములను గూర్చి వ్రాయబూనుట, పెండ్లివారింట విడిదిచేసి బ్రహ్మచర్యమును ప్రశంసించుట వంటి పనియని కొందరు పరిహసింపవచ్చును. కాని ఆ జాతి చిత్రములకును ఈ వీథులకును గల చుట్టరికము పైకి కనిపించునంత దూరపుది కాదు.

ముందు ఆ సరకు స్వభావమును తెలిసికొందము. 1980 దశకమున అమెరికాలో వీసీఆర్ ఇంటింట చేరి, క్యాసెట్లు అద్దెకిచ్చు దుకాణము వీథివీథినా వెలసినప్పుడు, పెద్ద సంస్థలు తీయు చిత్రములు ఆ దుకాణముల అరలు నింపుటకు చాలకపోయెను. ఆ కొరతను పసిగట్టిన చిన్న నిర్మాతలు, ప్రింట్ల ఖర్చు, ప్రకటనల ఖర్చు, థియేటర్లవారికీయవలసిన వాటా, ఈ మూడు బరువులను ఒక్కమారుగా దింపుకొని, చిత్రమును నేరుగా క్యాసెట్టుగానే అమ్మసాగిరి. 1989లో రిచర్డ్ పెపిన్, జోసెఫ్ మెర్హి అను ఇరువురు స్థాపించిన పి.ఎం. ఎంటర్‌టైన్‌మెంట్ అను సంస్థ, స్వల్పమైన పెట్టుబడితోనే కార్లను పల్టీ కొట్టించుటయందును, పేల్చివేయుటయందును పెద్దవారికి తీసిపోని నేర్పు చూపెను. అదే సంవత్సరమున జపానులో తోయీ సంస్థ 'క్రైమ్ హంటర్' అను చిత్రముతో, వి-సినిమా అను పేర ఇట్టి వ్యాపారమునకే శ్రీకారము చుట్టెను. నైజీరియా దేశమున 1992లో క్యాసెట్టు రూపముననే వెలువడిన 'లివింగ్ ఇన్ బాండేజ్' పోరాటచిత్రము కాకపోయినను, ఆ దేశపు చిత్రపరిశ్రమకంతకు పునాదిరాయి యయ్యెను.

ఈ వ్యాపారమునందలి కీలకము ఒక్కటే. క్యాసెట్టు తీసికొనువాడు లోపలి చిత్రమును ముందుగా చూడడు. అట్టమీది బొమ్మను చూచును. ఆ బొమ్మలో తానెరిగిన ముఖమున్నచో జేబులో చేయి పెట్టును, లేనిచో ప్రక్క అరకు పోవును. కనుక నిర్మాత కొనవలసినది కథను కాదు, సెట్లను కాదు. ఎప్పుడో ఒకప్పుడు పెద్ద తెరమీద పేరు తెచ్చుకొని, ఇప్పుడు ధర తగ్గిన ఒక ముఖమును. 1992లో 'అండర్ సీజ్'తో లోకమంతట మ్రోగిన స్టీవెన్ సీగల్ తరువాతి దశకమున క్యాసెట్టు, డీవీడీ చిత్రములకు పరిమితుడగుటయు, వాన్ డామ్, డాల్ఫ్ లుండ్‌గ్రెన్ అదే త్రోవ పట్టుటయు ఈ సూత్రము వలననే. వారి కండలు సడలినను వారి ముఖములు సడలలేదు; బజారునకు కావలసినది అదియే.

మరి తెలుగునాట నేరుగా వీడియోకు పోరాటచిత్రములేల రాలేదు? వీసీఆర్ మనకును వచ్చినది. 1982 ఏషియాడ్ నాటి రంగుల టెలివిజను వెంట అదియు ఇండ్లలో ప్రవేశించెను. నారాయణగూడ మొదలుకొని ప్రతి పేటలోను వీడియో లైబ్రరీలు వెలసెను. కాని ఇచ్చట క్యాసెట్టు నిర్మాతకు మిత్రము కాదు, శత్రువు. క్రొత్త చిత్రము థియేటరులో ఆడుచుండగనే దొంగ క్యాసెట్టు లైబ్రరీకి చేరుచుండెను. ఆ బాధ పడలేకయే 1984లో కాపీరైటు చట్టమును సవరించి వీడియోలను అందు చేర్చవలసివచ్చెను. దొంగసరకు అంత చౌకగా దొరకు బజారున, క్యాసెట్టు కొరకే డబ్బు పోసి చిత్రము తీయు వెఱ్ఱివాడెవ్వడు? అంతకంటె బలమైన కారణము మరియొకటి కలదు. మనకు థియేటరే చౌక. బీ, సీ సెంటర్లలో నేలటిక్కెట్టు ఉన్నంతకాలము, నగరములో మార్నింగుషోలు నడచినంతకాలము, అల్పవ్యయ పోరాటచిత్రమునకు వేరొక నివాసము అక్కరలేకపోయెను. అమెరికాలో దుకాణపు అర చేసిన పనిని ఇచ్చట గోడమీది వాల్‌పోస్టరు చేసెను.

ఆ పోస్టరును అందరికంటె ముందు చదువ నేర్చినవాడు బి. విఠలాచార్య. ఉడుపి ప్రాంతమున 1920లో జన్మించి, కన్నడము నుండి తెలుగునకు వచ్చి, జానపద బ్రహ్మయని పేరు గడించిన ఈయన, 'జయవిజయ' (1959), 'కనకదుర్గ పూజా మహిమ' (1960), 'గురువును మించిన శిష్యుడు' (1963), 'నవగ్రహ పూజా మహిమ' (1964), 'జ్వాలాద్వీప రహస్యం' (1965) మున్నగు చిత్రములను, ఒకదాని వెంట ఒకటి తడవు లేకుండ తీసి వదలెను. ఆయన పొదుపును గూర్చిన కథలు పరిశ్రమలో నేటికిని తిరుగుచున్నవి. కాల్షీటుకు రాని నటుని, పారితోషికము పెంచుమని పేచీ పెట్టిన నటుని, మాంత్రికునిచేత చిలుకగానో మేకగానో మార్పించి చిత్రము పూర్తి చేయుచుండెనని చెప్పుకొందురు. ఇందులో నిజమెంతయున్నను, ఆ పరిహాసము వెనుక ఒక గట్టి వ్యాపారసత్యమున్నది: అద్భుతరసమునకు ధనము కంటె యుక్తి ముఖ్యము. దయ్యము కన్నుల నుండి నిప్పు రాల్చుటకు లక్షలు కానక్కరలేదు. నేలక్లాసులోని బాలుడు ఆ నిప్పును నమ్మిన చాలును. 1978లో ఆయన తీసిన 'జగన్మోహిని'లో అగ్రనటులెవ్వరు లేరు. నరసింహరాజు, జయమాలినులతో, దయ్యములతో నడచిన ఆ చిత్రము పెద్ద హీరోల చిత్రములు ఈర్ష్యపడునంతగా ఆడెను.

ఎన్.టి. రామారావుతో 'బందిపోటు' వంటివి తీసినను, విఠలాచార్య చౌకచిత్రములకు వెన్నెముకగా నిలిచినవాడు కాంతారావు. కోదాడ దగ్గరి గుడిబండలో 1923లో పుట్టిన తాడేపల్లి లక్ష్మీకాంతారావు, తెలంగాణము నుండి మదరాసు పోయి కథానాయకుడైన తొలితరమువాడు. 'లవకుశ'లో లక్ష్మణుడు, పెక్కు చిత్రములలో నారదుడు. అయినను జనము ఆయనకిచ్చిన బిరుదు కత్తి కాంతారావు. ప్రతినాయకుడు రాజనాలతో ఆయన సలిపిన ద్వంద్వయుద్ధములను నేడు చూచినచో ఒక విషయము స్పష్టమగును. కెమెరా కదలదు, ఇరువురును పాదముల నుండి శిరస్సు వరకు కనబడుచునే యుందురు, మెట్లెక్కుచు, బల్లలు దాటుచు, దీపస్తంభములు తప్పించుకొనుచు, ఒక్కొక్క షాటు దీర్ఘముగా సాగిపోవుచుండును. ముక్కముక్కగా కోసి అతికించుటకు ఫిలిము కావలెను, ఫిలిమునకు రొక్కము కావలెను. రొక్కము లేదు గనుకనే నటుడు నిజముగా కత్తి త్రిప్పవలసివచ్చెను. పేదరికము నేర్పిన విద్యయిది. దానికి తగిన గౌరవము మన విమర్శకులు ఏనాడును ఈయలేదని నా అభిప్రాయము.

ఆ విద్య ఆయనను ధనవంతుని చేయలేదు. జానపదముల ఏలుబడి ముగియుచున్న రోజులలో 'సప్తస్వరాలు' (1969) మొదలుగా స్వయముగా చిత్రములు తీసి, ఆస్తులు పోగొట్టుకొని, చిన్న వేషములకు, తుదకు టెలివిజను ధారావాహికలకు వచ్చెను. 2000 సంవత్సరమునకు రఘుపతి వెంకయ్య పురస్కారము లభించినది. 2009 మార్చి 22న హైదరాబాదులో కన్నుమూసెను. కత్తి పట్టిన చేతికి వృద్ధాప్యమున వీడియో బజారు వంటిదొకటి మనకుండియుండినచో, ఆయన ముఖమునకు ఎవరో ఒకరు వెల కట్టియుండెడివారు గదాయని ఒక్కొక్కసారి తోచును. కాని ఆ బజారు తెచ్చిపెట్టు దైన్యమును తలచినప్పుడు, లేకపోవుటయే మేలేమోయనియు తోచును.

కత్తి వెనుకబడగా తుపాకి ముందుకు వచ్చెను. ఇచ్చట కె.ఎస్.ఆర్. దాస్ పేరు చెప్పక తప్పదు. ఎడిటింగు శాఖ నుండి దర్శకుడైన ఈ వెంకటగిరివాడు 1970లో 'రౌడీ రాణి' తీసెను. అప్పటివరకు నర్తకిగా, ప్రతినాయకుని ప్రక్కనుండు పాత్రలలో కనబడుచుండిన విజయలలితను గుఱ్ఱమెక్కించి, చేతికి తుపాకి ఇచ్చి, తనవారిని చంపినవారిని వెదకి వెదకి దండించు నాయికగా నిలిపి, పెద్ద హీరో అవసరమే లేకుండ చిత్రమును గెలిపించెను. 1972లో హిందీలో 'రాణీ మేరా నామ్' కూడ తీసెను. జ్యోతిలక్ష్మితో 'పిల్లా పిడుగా' వచ్చినది. ఈ చిత్రములను పండితులు చిన్నచూపు చూచిరి. కాని తెలుగుతెరమీద స్త్రీ చేయి చేసికొనుట అను సంగతి మొదట సాధ్యమైనది సందేశచిత్రములలో కాదు, ఈ చౌకచిత్రములలోనే. అగ్రనటుని వెచ్చించలేని నిర్మాత ఆడుదానిని కథానాయకుని స్థానమున నిలిపెను. కారణము సంస్కరణాభిలాష కాకపోవచ్చును, ఫలము మాత్రము దక్కినది.

ఆ విజయలలిత అక్క కూతురే విజయశాంతి. పిన్ని గుఱ్ఱమెక్కిన ఇరువదియేండ్లకు, 1990లో, 'కర్తవ్యం' వచ్చెను. అందలి పోలీసు అధికారిణి పాత్రకు ఆమెకు జాతీయ ఉత్తమనటి పురస్కారము లభించెను. సరిగా ఆ సంవత్సరముననే అమెరికాలో 'చైనా ఓబ్రయన్' వెలువడెను. దాని నాయిక సింథియా రాత్‌రాక్ పోరాటవిద్యల పోటీలలో గెలిచి, 1985లో హాంకాంగునందు మిషెల్ యోతో 'యెస్, మేడమ్'లో నటించి వచ్చినది. చేతివాటములో, కాలివిసురులో రాత్‌రాక్‌కు సాటి వచ్చువారు తక్కువ. అయినను ఆమె దేశము ఆమెను వీడియో దుకాణపు అరమీదనే ఉంచెను; పెద్ద తెర ఆమెకు తెరచుకొనలేదు. విజయశాంతియో, 'పోలీస్ లాకప్' (1993), 'లేడీ బాస్' (1995) అనుకొనుచు, హీరోలతో సమముగా బ్యానర్లు కట్టించుకొని థియేటర్లనే ఏలెను. రెండు దేశముల బజార్లలో ఒకే విద్యకు ఎంత భిన్నమైన మర్యాదయో చూడుడు. ఈ ఒక్క విషయమున మనవారు ముందున్నారని చెప్పుటకు నాకు సంకోచము లేదు.

దాస్ మరియొక ఘనకార్యమును కొంచెము త్వరగా చెప్పుదును, అది అందరెరిగినది గనుక. 1971లో పద్మాలయా వారికి కృష్ణతో తీసిన 'మోసగాళ్లకు మోసగాడు' ఆరుద్ర రచనతో, వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రహణముతో, రాజస్థాను ఎడారిలో తెలుగు కౌబాయిని పరుగెత్తించెను. ఆంగ్లమున 'ట్రెజర్ హంట్' అను పేర విదేశములకు కూడ పోయెను. కృష్ణ విషయములో గమనింపదగినది వేగము: ఒక్క 1972లోనే ఆయన చిత్రములు 18 విడుదలయ్యెను. వేరొక దేశములో ఇట్టి నటుడు వీడియో బజారునకు చక్రవర్తి యగును. మన దేశములో సూపర్‌స్టారయ్యెను. 2023 మే 31న, ఆయన కాలధర్మము చెందిన తరువాత వచ్చిన తొలి జయంతినాడు, ఆ చిత్రమును 4కెలోనికి మార్చి మరల థియేటర్లకు వదలిరి.

క్యాసెట్టు విషయమున, క్రాస్‌రోడ్సునకు చేరువనున్న అశోక్‌నగర్ సంగతి వేరు. నగర కేంద్ర గ్రంథాలయము చుట్టును ఉద్యోగపరీక్షలకు చదువు యువకుల గదులు, మెస్సులు, కోచింగు కేంద్రములు. పెద్ద థియేటరునకు పది నిమిషముల నడక దూరములోనుండియు చేత డబ్బులాడని వయస్సు. నలుగురు చందాలు వేసికొని ఒక రాత్రికి వీసీఆర్‌ను, దానితో నాలుగైదు క్యాసెట్లను అద్దెకు తెచ్చుకొనుట ఆనాటి హాస్టలు జీవితములో ఒక పండుగ. మొదటిది క్రొత్త తెలుగు చిత్రము, నడుమ ఒక హిందీ. తెల్లవారుజామున నిద్ర రాకుండుటకు తప్పక ఒక 'ఫైట్ల సినిమా'. బ్రూస్‌లీ పేరు చెప్పుకొని బ్రతికిన హాంకాంగు నకిలీలు, 1985 నాటి 'అమెరికన్ నింజా' వంటివి మన వీథులలోనికి అట్లు వచ్చెను. అమెరికావాని ధర తగ్గిన ముఖము మన యువకునకు క్రొత్తముఖము. అక్కడ మూలకు పడినవాడు ఇక్కడ వీరుడు.

ఆ గాలికి తెలుగుతెరయు ఊగినది. కరాటే నేర్చిన సుమన్, కరాటేయే నేర్చిన భానుచందర్, ఈ ఇరువురు 1984లో 'మెరుపు దాడి'లో కలిసిరి. సుమన్ 1979లో తమిళమున అడుగిడి, 'తరంగిణి' (1982)తో తెలుగువారికి దగ్గరయ్యెను. భానుచందర్ సంగీతదర్శకుడు మాస్టర్ వేణు కుమారుడు. అగ్రస్థానములు నిండియున్న కాలమున, మధ్యతరహా బడ్జెట్లతో, డూపు లేకుండ కాలు లేపగలుగుటయే పెట్టుబడిగా వీరు నిలదొక్కుకొనిరి. సుమన్ తరువాతి జీవితము విచిత్రమైనది: 1997లో 'అన్నమయ్య'లో వేంకటేశ్వరస్వామియై జనుల మ్రొక్కులందుకొని, 2007లో 'శివాజీ'లో రజనీకాంతునకు ప్రతినాయకుడయ్యెను. నేడు ఊరు పేరు తెలియని కుర్రవాడు హీరోగా వచ్చు చిన్న చిత్రముల పోస్టరుమీద, ఒక ప్రక్కగా, పోలీసు దుస్తులలోనో ఖద్దరులోనో ఆయన ముఖము కనబడుచుండును. అట్ట పోయి పోస్టరు వచ్చినను సూత్రము మారలేదు.

క్యాసెట్టు పోయి వీసీడీ వచ్చినప్పుడు హైదరాబాదునకు నిజముగా ఒక చిన్న వీడియో పరిశ్రమ ఏర్పడెను; కాని అది తెలుగున కాదు, పాతనగరపు దక్కనీ ఉర్దూలో. 'ది అంగ్రేజ్' (2005), 'హైదరాబాద్ నవాబ్స్' (2006) అను హాస్యచిత్రములు పోరాటములను, దాదాగిరిని వెక్కిరించుటకే వాడుకొని, థియేటర్లలో కంటె వీసీడీలలో ఎక్కువ ప్రాణములు పోసికొనెను. వాని నటులు ఆ పిమ్మట అట్టి చిత్రములనే వరుసగా చేసిరి. తెలుగు చిత్రముల వీసీడీ 28 రూపాయలకే మోసర్ బేర్ సంస్థ అమ్మజూపిన రోజులవి. దొంగసరకుతో పోటీపడుటకు వారు ధరనే ఆయుధముగా చేసికొనిరి. ఆ యుద్ధము తేలకముందే జనము డిస్కును వదలి ఫోనును పట్టిరి.

మన అసలైన వీడియో బజారు ఆ ఫోనులో తెరచుకొన్నది. నాగార్జున 'మాస్' (2004) హిందీలో 'మేరీ జంగ్: వన్ మ్యాన్ ఆర్మీ'గా అనువదింపబడి టెలివిజనులో మారుమ్రోగుట చూచి, గోల్డ్‌మైన్స్ వంటి సంస్థలు తెలుగు పోరాటచిత్రముల హిందీ హక్కులను పోటీపడి కొనసాగినవి. ఇచ్చట ఆడని చిత్రము అచ్చట అమ్ముడుపోవును గనుక, హిందీ డబ్బింగు సొమ్మును ముందుగా లెక్కలో వేసికొని, అందుకు తగినన్ని ఫైట్లు కథలో పెట్టించు నిర్మాతలు బయలుదేరిరి. 2017 నాటి 'జయ జానకి నాయక' 'ఖూంఖార్' అను పేర యూట్యూబునందు 70 కోట్ల మార్లకు పైగా చూడబడెను. ఆ బలమును నమ్మి దాని కథానాయకుడు బెల్లంకొండ శ్రీనివాస్ 2023లో హిందీ 'ఛత్రపతి'తో ఉత్తరదేశపు థియేటర్లలో దిగెను, అది నిలువలేదు. ఉచితముగా చూచినవాడు టిక్కెట్టు కొనలేదు. ఒక బజారులో చెల్లిన ముఖము మరియొక బజారులో చెల్లునని ఎవ్వరును పూచీ పడలేరు.

ఈ వ్యాపారపు చీకటికోణమును చూపినది అమెరికా నటుడు బ్రూస్ విల్లిస్ ఉదంతము. ఒకటి రెండు దినములు మాత్రమే చిత్రీకరణకు వచ్చి, అట్టమీద నిలువెత్తుగా కనబడు వేషములతో ఆయన చిత్రములు పుంఖానుపుంఖములుగా వెలువడగా, 2021లో వచ్చిన ఎనిమిదింటిని ఒకచోట చేర్చి, చెత్త నటనకు బహుమతులిచ్చు 'రజ్జీ' సంఘమువారు ఆయన కొరకే ప్రత్యేకముగా ఒక విభాగమును పెట్టిరి. 2022 మార్చిలో ఆయనకు అఫేజియా, అనగా మాటను పోగొట్టు వ్యాధి, కలిగినదని కుటుంబమువారు ప్రకటింపగా, ఆ బహుమతిని సంఘమువారు ఉపసంహరించుకొనిరి. నవ్విన మాట తిరిగి తీసికొనుట సుళువు. వ్యాధిగ్రస్తుని ముఖమును అట్టలమీద ముద్రించి అమ్మినవారి లాభములు మాత్రము తిరిగి పోలేదు.

ముఖము అమ్ముడుపోవును, దెబ్బలు తినువారు వేరు. పోస్టరుమీద లేనివారు ఫైటు మాస్టర్లు, డూపులు, ఫైటర్లు. 1200కు పైగా చిత్రములకు పోరాటములు కూర్చిన జూడో రత్నం 2023 జనవరిలో తొంబదియేండ్లు దాటి మరణించినప్పుడు, పత్రికలలో వార్త చిన్నదిగానే వచ్చెను. ఆయన శిష్యప్రశిష్యులే దక్షిణాది నాలుగు భాషలలో నేటికిని హీరోలను గాలిలోనికి లేపుచున్నారు.

ఈ జాతి చిత్రములను పరీక్షింపదలచువారికి ఒక చిన్న విధానము చెప్పగలను. ఒక రాత్రి 'జ్వాలాద్వీప రహస్యం'లోని కత్తియుద్ధమును, ఆ వెంటనే 2006లో ఐజాక్ ఫ్లోరెంటైన్ నేరుగా డీవీడీ కొరకు తీసిన 'అన్‌డిస్ప్యూటెడ్ 2'లో స్కాట్ అడ్కిన్స్ బరిలో చేయు పోరాటమును చూచి, షాటు ఎక్కడ తెగుచున్నదో గమనింపుడు. నలువది యేండ్ల ఎడము, వేల మైళ్ల దూరము. అయినను కెమెరా వెనుకకు జరిగి మనిషిని నిలువునా చూపు పద్ధతి రెండింటను ఒక్కటే. తరువాత వందకోట్ల చిత్రమొకటి పెట్టి, మొదటి ఫైటులో హీరో పాదము నేలకు తగులుట ఎన్నిమార్లు కనబడునో లెక్కింపుడు.